కంపకొమ్మకు మంచు తొడిగిన మనిషి

రాయచెర్లులో గృహప్రవేశానికి ఫొటోలు తీయడానికి షేర్ ఆటోలో పోతున్నాను. పక్కన కూర్చున్న ఆమెది క్యాతగానచెర్లు. డ్రైవరుతో వానల గురించి, టమాటా ధర గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, అదే గొంతుతో అంది.

"ఐసాయప్ప పోయినాడు తెల్సునా? నిన్న సాయంత్రం."

"అయ్యో. ఆస్పత్రిలోనా?" అన్నాడు డ్రైవరు.

"లేదప్పా, ఇంట్లోనే. కాపీ తాగి గ్లాసు కింద పెట్టినాడంట. అంతే."

దిగిపోయి క్యాతగానచెర్లు వైపు పోదామనిపించింది. కానీ అవతల పొయ్యి మీద పాలు పొంగేవేళకి నేను అక్కడ ఉండాలి. వెళ్లాను. ఫొటోలు తీశాను. ఆ రోజు ఎవరెవరు నా కెమెరా ముందు నిలబడ్డారో ఒక్కరి ముఖమూ గుర్తులేదు.

ఆయన అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు. బతికున్నప్పుడు తన పేరు ఎక్కడా వేయనివ్వలేదు, పోయాక నేను వేస్తే ఏం బాగుంటుంది?

పావగడ బజారు వెనకవీధిలో ఒక ఐస్‌క్యాండీ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, ఐసు గడ్డకట్టించే రెండు ఉప్పునీళ్ల తొట్లు, మూలన మనిషి పట్టేంత ఫ్రీజరు పెట్టె, పగలంతా గురకపెట్టే మిషను. మీసాలు రాకముందు అందులో చేరి, దానికి తాళం పడేదాకా ఆయన అక్కడే పనిచేశాడు. ఎండాకాలంలో ఊరు ఊరంతా చెమటలు కక్కుతుంటే ఈయన స్వెట్టరు వేసుకుని, చెవులకు తువ్వాలు చుట్టుకుని లోపల్నుంచి వచ్చేవాడు. డిసెంబరులో అందరూ కంబళ్లు కప్పుకుంటే ఈయన ఒంటిమీద బనియను. "ఇదొక చలేనా?" అని మమ్మల్ని చూసి జాలిపడేవాడు. ఊరంతటికీ ఐసు తినిపించినవాడు తను మాత్రం జన్మలో నోట పెట్టలేదు. పళ్లు జివ్వుమంటాయట. ఎప్పుడూ వేన్నీళ్లే.

ఆయన చేతులు చల్లగా ఉండేవి. ఉప్పునీళ్లలో నాని నాని అరచేతులు పగిలి, వేళ్ల చివర్లు తెల్లబారిపోయాయి. ఎవరైనా పసిబిడ్డను ఎత్తుకోమని ఇస్తే ముందు రెండు చేతులూ గట్టిగా రుద్దుకుని, తన బుగ్గకు ఆనించి చూసుకుని, అప్పుడు ఎత్తుకునేవాడు. ఇంకో అలవాటు, ఏ వస్తువు చేతికి వచ్చినా ఒక కన్ను మూసి వెలుతురుకు పట్టి చూడడం. ఐసుపుల్లనైతే సరే. టీ గ్లాసును, కొత్త నోటును, గాజుల అంగట్లో భార్యకు కొన్న గాజును, చివరికి నా కెమెరా లెన్సును కూడా అట్లాగే చూశాడు. "దీంట్లో పొర ఉండాది, తుడువు" అన్నాడు. నిజంగానే ఉంది. అప్పటికి రెండేళ్లుగా ఆ పొరతోనే ఫొటోలు తీస్తున్నాను.

మా స్టూడియో మా మామగారి బట్టల అంగడి మీది గది. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు మా ఆయన వెళ్లేవాడు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆల్బంలు అతికించడం నా పని. బయటికి వెళ్లి తీయాలని నాకుండేది. "నీకెందుకే ఎండలో" అనేవాడు మా ఆయన. ప్రేమగానే అనేవాడు, అందుకే ఎదురు చెప్పడం కష్టమయ్యేది.

ఒకసారి మేము ఆల్బంలు వేయించే బెంగళూరు ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. కొత్త సంవత్సరం క్యాలెండరులో జనవరి పేజీకి మంచు గడ్డకట్టిన చెట్టుకొమ్మ ఫొటో కావాలి, మీకు తెలిసిన ఫొటోగ్రాఫర్ల దగ్గర ఎవరి దగ్గరైనా ఉందా అని. మా ఆయన నవ్వి, "సార్, మాది పావగడ. ఇక్కడ మంచు కాదు, నీళ్లే కనపడవు" అని పెట్టేశాడు. నేను ఆల్బం అతికిస్తూ విన్నాను. ఆ రాత్రి అన్నం తింటున్నా అదే. మర్నాడు పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. చలికాలం కదా, ఒక తొట్టి ఖాళీగా ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని వేన్నీళ్లు తాగుతున్నాడు.

"మామా, చెట్టుకొమ్మకు ఐసు పట్టించగలవా?"

గ్లాసు పక్కన పెట్టి నా ముఖం చూశాడు. "తినేకా?"

"కాదు. ఫొటో తీసేకి."

"కరిగిపోదా?"

"కరిగేలోగా తీస్తా."

ఇంకెవరైనా నవ్వేవాళ్లే. ఆయన నవ్వలేదు. లేచి వెళ్లి తొట్టి మూత ఎత్తి, అందులోకి చేయి పెట్టి, తీసి, "ఎంత కొమ్మ?" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయనకు ఈరోజు వరకూ రుణపడి ఉన్నాను.

మొదట గులాబి కొమ్మ తీసుకెళ్లాను. దాన్ని డబ్బాలో నీళ్లు పోసి తొట్టిలో ముంచాడు. సాయంత్రానికి తెల్లటి దిమ్మ తయారైంది. లోపల కొమ్మ ఉందో లేదో దేవుడికే తెలియాలి. రెండోసారి వేప కొమ్మ. ఈసారి ముంచకుండా, ఫ్రీజరులో చల్లబరిచి, క్షౌరం అంగట్లో నీళ్లు చిమ్మే బాటిలు తెచ్చి పైన చిమ్మాడు. ఐసైతే పట్టింది గానీ సున్నం కొట్టినట్టు ఉంది. ఆకులు నల్లబడి రాలిపోయాయి.

కొమ్మను వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"బోరు నీళ్లమ్మణ్ణీ. మన నీళ్లలో ఉప్పు, సున్నం అన్నీ ఉండాయి. మన నోట్లో పండ్లే పసుపు పచ్చగైనాయి, ఐసు తెల్లగ గాకుండా ఎట్లుంటాది?"

మూడోరోజు భుజాన క్యానుతో వచ్చాడు. కాయిన్ వేస్తే నీళ్లు వచ్చే ఫిల్టరు దగ్గర పట్టుకొచ్చాడు. ఆ నీళ్లను రెండుసార్లు కాచాడు. కాస్తే నీళ్లలోని గాలి పోతుందట, గాలి పోతే ఐసు అద్దంలా వస్తుందట. ఈ సంగతి ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. "యజమానికి ఇవన్నీ ఎందుకు? పిల్లోళ్లు తెల్లగున్నా తింటారు, రంగు కలిపితే ఇంకా తింటారు. నేనే ఒగొగసారి నా కోసరం ఒక పుల్ల అద్దం మాదిరి చేసుకుని చూస్తాంటి" అన్నాడు.

"చూసి?"

"చూసి, ఏముండాది, తొట్లోనే పారేస్తాంటి."

కొమ్మను కూడా మార్చింది ఆయనే. గులాబి వద్దు, వేప వద్దు, రోడ్డు పక్కన ఎవరూ నాటకుండా పెరిగే సర్కారు కంప కొట్టుకొచ్చాడు. నాకు నచ్చలేదు. క్యాలెండరు మీద ముళ్లకంప ఏమిటని అన్నాను.

"ముల్లు మొన మీద నీటిబొట్టు నిలబడతాది. ఆకు మీద జారిపోతాది. నువ్వు రోంత ఓపిక పట్టు" అన్నాడు.

ఒక పూత చిమ్మి ఫ్రీజరులో పెట్టడం, గడ్డకట్టాక తీసి మరో పూత. మధ్యలో నేను తొందరపెడితే, "బిరబిర చేస్తే తెల్లగైతాది" అనేవాడు. రెండు రోజులు పట్టింది. మూడో ఉదయం మూత తీస్తే కంపకొమ్మ గాజుతో పోతపోసినట్టు ఉంది. ప్రతి ముల్లు చివరా ఒక చిన్న గాజుచుక్క. ఆయన చేతులు రుద్దుకోవడం విన్నాను.

కొమ్మ వచ్చింది గానీ ఫొటో రాలేదు. ఫ్యాక్టరీ ట్యూబులైటు కింద తీస్తే పాచి పట్టినట్టు పచ్చగా వచ్చింది. వీధిలో తెల్లగోడ ముందు పెట్టి తీస్తే ఐసు గోడలో కలిసిపోయింది. చల్లగా ఉండనీ అని కెమెరాను కూడా ఫ్రీజరు పక్కనే పెట్టుకున్నాను, బయటికి తేగానే లెన్సంతా ఆవిరి. తుడిస్తే మళ్లీ ఆవిరి. కొమ్మ కరిగి నా చెప్పుల మీద కారిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"కెమెరా బయటే ఉండనీ. ఐసుకే చలి గావల్ల, దానికి యాల?" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, "మా చేను కాడికి పోదాం రా" అన్నాడు.

ఆయన చేనంటే క్యాతగానచెర్లు దగ్గర సోలారుకు కౌలుకిచ్చిన భూమి. ఇప్పుడు గట్టు తప్ప అంతా కంచె లోపల ఉంది. మళ్లీ కొమ్మ తయారయ్యాక, ఇంకా చీకటి విడవకముందే, మోపెడ్ వెనక ఐసుపెట్టె కట్టుకుని ఆయన, స్కూటీ మీద నేను బయలుదేరాం. మా ఆయన ఆపుతాడనుకున్నాను. గుమ్మంలో నిలబడి, "మఫ్లర్ కట్టుకో" అన్నాడంతే.

నేను సోలారు పలకల ముందువైపు నిలబడబోయాను. ఆకాశమంతా వాటిమీద మెరుస్తుంటే బాగుంటుందనుకున్నాను. ఆయన చేయి ఊపాడు.

"ఆపక్క గాదమ్మణ్ణీ. ఎనకపక్క రా. నీడపక్క."

పలకల వెనకవైపు నల్లగా, కటిక నీడగా ఉంది. ఆయన కంచె పక్కన పది అడుగులు అటు నడిచి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి, మడమతో నేల మీద గీత గీశాడు. "మార్గశిరంలో తొలి ఎండ ఈడ పడతాది. నేను శెనిక్కాయ ఏసేటప్పుడు ఈడ్నే కూచోని సద్దిగిన్నె తెరుస్తాంటి. ఇప్పుడు ఎనక పలకల నీడ, ముందర ఎండ. చూస్తా ఉండు."

గీత మీద నిలబడి కొమ్మను పట్టుకున్నాడు. చలికి కాదు, బరువుకు కాదు, ఊపిరి బిగబట్టి ఆయన మెడనరాలు ఉబ్బాయి. పలకల అంచు మీదుగా ఎండ సరిగ్గా ఆ గీత మీదికి దిగింది. వెనక అంతా నలుపు. ఆ నలుపు మీద ముళ్లకంప ఒక్కసారి వెలిగింది. కెమెరా చెప్పిన వెలుగు కంటే కొంచెం తక్కువ ఇచ్చాను, లేకపోతే వెనక నలుపు బూడిదరంగులో వస్తుంది, ఐసు తెల్లగా చెదిరిపోతుంది. ఆ సంగతి అంతకుముందు పాడైన ఫొటోలు నేర్పాయి. పదకొండు తీశాను. మొదటి చుక్క నేల మీద పడేసరికి నాకు తెలిసిపోయింది, వచ్చేసింది అని.

ప్రెస్సుకు పంపాను. మేనేజరు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. చాలా బాగుందన్నాడు. "ఎక్కడ తీశారు? కాశ్మీరా, సిమ్లానా?" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నా నోట నిజం వచ్చి ఉండాల్సింది. "అటువైపే సార్" అన్నాను. కింద 'హిమాలయ ప్రభాతం' అని వేస్తామన్నాడు.

సంబరంగా వెళ్లి ఆయనకు చెప్పాను. ఆయన తొట్టి కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు.

"హిమాలయం అని యాల ఏస్తారు?"

"ఐసు కదా మామా. పావగడ అంటే తీసుకోరు."

"నేను అడిగింది అది గాదు. ఆ గీత గీసిన జాగా యాడిది?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. కోపం లేదు గొంతులో. "నా పేరు ఎయ్యొద్దు. నాకెందుకు పేరు? నీ పేరు ఏసుకో. ఊరు మటుకు సరిగ్గా ఉండల్ల. ఈసారి హిమాలయం అని తప్పు చెప్తే, రేపు నువ్వు నిజంగా యాడికో పోయి తీసుకొచ్చినా ఎవురు నమ్ముతారు?"

"ఫోన్లో ఎట్లా చెప్పేది మామా? నమ్మరు. ఆర్డరూ పోతుంది."

"ఫోన్లో వద్దు. నేనొస్తా."

ఇంకో కొమ్మ చేశాడు. థర్మాకోల్ పెట్టెలో వడ్లపొట్టు, దాని మీద ఉప్పు కలిపిన ఐసుముక్కలు, మధ్యలో గోనెపట్టా చుట్టిన కొమ్మ. పొద్దున బస్సెక్కాం. పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, పంచె తడిసిపోతున్నా దించలేదు. కండక్టరు వచ్చి, "ఏముండాది తాతా పెట్టెలో? కారతాంది" అన్నాడు.

"చెట్టు."

"చెట్టు ఎందుకు కారతాంది?"

"ఎండకు," అన్నాడు. కండక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ప్రెస్సు ఆఫీసులో ఆయన మేనేజరు టేబులు మీది కాగితాలు పక్కకు జరిపి పెట్టె పెట్టాడు. పొట్టు నేలంతా పడింది. గోనెపట్టా విప్పాడు. కొన్ని ముళ్ల కొసలు విరిగిపోయాయి, కింది పాయ కరిగిపోయింది. కానీ నడిమి కొమ్మ నిలబడి ఉంది. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. లోపల కంప్యూటర్ల దగ్గర పనిచేసే అమ్మాయిలు లేచి వచ్చారు. ఒకమ్మాయి వేలితో తాకి, "అయ్యో, నిజంగా ఐసే!" అంది.

ఆయన మేనేజరుతో కన్నడంలో నిదానంగా చెప్పాడు. ఇది హిమాలయం కాదు సార్, పావగడ. రోడ్డు పక్క కంప. ఐసు నేను చేశాను, ఫొటో ఈయమ్మ తీసింది. కాశ్మీరు అని ఈయమ్మ చెప్పింది భయపడి. ఐసుకు ఎండ భయం, ఈయమ్మకు మీ భయం.

నేను తల వంచుకున్నాను. మేనేజరు చాలాసేపు కొమ్మను చూశాడు. తర్వాత, మంచు ఫొటో కింద పావగడ అని వేస్తే జనం నవ్వుతారు కదా అన్నాడు.

"నవ్వనీ సార్," అన్నాడు ఆయన. "నవ్వు ముఖంతో సంవత్సరం మొదలైతాది, మంచిదే గదా?"

మేనేజరే ముందు నవ్వాడు. 'పావగడ, కర్ణాటక' అని, పక్కన నా పేరు వేశారు. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. తర్వాతి ఏడు ఆ ప్రెస్సు నన్ను అడగలేదు, ఏదో దేవాలయం బొమ్మ వేసుకున్నారు. అయినా మా ఆయన ఆ క్యాలెండరు అంగట్లో కౌంటరు పైన తగిలించి, ఆ తర్వాత వచ్చిన మొదటి పెళ్లికి, "నువ్వు పో, నేను స్టూడియో చూసుకుంటా" అన్నాడు. అప్పట్నుంచి పెళ్లిళ్లకు నేనే వెళుతున్నాను.

ఊళ్లో మాత్రం ఆయన చెప్పినట్టే అందరూ నవ్వారు. అచ్చుతప్పు అన్నారు. ప్రింటింగువాడు నిద్రమత్తులో ఉన్నాడన్నారు. నేను ఎవరికైనా అసలు సంగతి చెప్పబోతే ఆయన కళ్లతోనే వద్దనేవాడు. "ఎందుకు మామా, చెప్తే ఏం?" అన్నాను ఒకసారి. "చేసిన ఇద్దరికి తెల్సు గదా. సాలదా?" అన్నాడు.

ఆ తర్వాత మూడు చలికాలాలు, ఫ్యాక్టరీ మూతపడేదాకా, ఏటా ఒక్క ఉదయం ఆ గీత దగ్గరికి పోయేవాళ్లం. ఎవరూ అడగకపోయినా. ప్రతిసారీ ముందటి ఫొటోను ఫోన్లో పెద్దది చేసి, ఒక కన్ను మూసి చూసి, తప్పు పట్టేవాడు. ఈడ పూత మందమైంది. ఈడ నీ చెయ్యి అదిరింది. ఒక ఏడు నా తప్పు, ఒక ఏడు ఆయన తప్పు. ఒకరి తప్పు ఒకరు చెప్పుకోవడానికి నాకు దొరికిన మనిషి ఆయనొక్కడే. పని ఎలా చేయాలో నాకు ఎవరైనా నేర్పారంటే ఆయనే.

ఆయన పోయిన మూడోరోజు క్యాతగానచెర్లు వెళ్లాను. ఇంటి ముందు షామియానా. లోపల ఆడవాళ్ల మధ్య ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె తల పైన ఆ క్యాలెండరు, ఇన్నేళ్లుగా అదే జనవరి పేజీ. బయట కూర్చున్న బంధువు ఒకాయన లోపలికి తొంగిచూసి, పక్కనున్న మనిషితో అన్నాడు. "పావగడంట చూడప్పా. అచ్చేసేటోడు ఎంత తాగింటాడో!"

చేసిన ఇద్దరిలో ఒకరు పోయారు. ఇక నేను ఒక్కదాన్నే. నోరు ఆగలేదు.

"తప్పు కాదన్నా. అది ఇక్కడిదే. ఆయన చేసిందే" అన్నాను.

మొత్తం చెప్పాను. దిమ్మ కట్టిన గులాబి, ఫిల్టరు నీళ్లు, కంచె పక్కన గీత, పెట్టె ఒళ్లో పెట్టుకుని బెంగళూరు పోవడం. బయటివాళ్లు కూడా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి విన్నారు. ఎవరూ నవ్వలేదు. నేను చెప్పడం ముగించాక ఆయన భార్య తలెత్తి క్యాలెండరు వైపు, తర్వాత నా వైపు చూసింది.

"ఆ దినం బెంగళూరికి పోయింది దీనికా?"

"అవునత్తా."

"మోకాళ్ల నొప్పికి పెద్ద డాక్టరు దగ్గరికి పోతాండా అని చెప్పినాడే నాకు! పంచె తడుపుకోని వచ్చినాడు. నొప్పి తగ్గలేదని ఆ డాక్టర్ని ఇన్నేండ్లు తిడతానే ఉంటిని. మొన్న గూడా తిట్టినా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదట నవ్వింది ఆమే.